నిచ్చెనమెట్ల యుద్ధనీతి

ఇజ్రాయెల్ తత్వవేత్త ఆసా కాషెర్, సైన్యాధికారి అమోస్ యాద్లిన్ 2005లో టెర్రరిజంపై పోరుకు ఒక నీతిసూత్రం రాశారు. ఎవరి ప్రాణం ముందు కాపాడాలో అందులో ఆరు మెట్లున్నాయి. తమ పౌరులు మొదటిమెట్టు. తమ అధీనంలోని పరాయి జనం రెండు, తమ సైనికులు మూడు. అధీనంలో లేనిచోట ఏ పాపం తెలియని జనం నాలుగు, అంటే తుపాకీ పట్టినోడి కింద! అంబేడ్కర్ని చదివినోళ్లకు ఈ నిచ్చెన కొత్తేం కాదు.

2009లో మైకేల్ వాల్జర్, అవిషాయ్ మార్గలిత్ దీన్ని తప్పుబట్టారు. అవతలి జనం మీ జనమే అయితే ఎంత జాగ్రత్తపడతారో అంతే జాగ్రత్తపడండన్నారు. గట్టి జవాబే. అయినా కొలబద్ద ‘మీ జనమే’. ఊళ్లో ‘మనోళ్లు’ అన్నప్పుడు అందులో వాడ ఏనాడుంది? పైగా రెండో మెట్టుకీ నాలుగో మెట్టుకీ తేడా ‘అధీనం’ అన్న ఒక్క మాటే. గాజా తమ అధీనంలో ఉందో లేదో చెప్పేదీ పైమెట్టోళ్లే.