థ పొట్టలో చుక్క

మా ఇంట్లో అట్ట ఊడిపోయిన పాత కథల పుస్తకం ఒకటి ఉంది. పోయినేడు దాన్ని వీధి చివరి షాపులో స్కాన్ చేయించాను. పీడీఎఫ్ తెరిస్తే అక్షరాలు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. తీరా చదవబోతే కన్నీటి ధార కాస్తా కన్నీటి దార అయి కూర్చుంది. థ పొట్టలో చుక్క మాయమై కథలన్నీ కధలయ్యాయి. పుస్తకం తీసి చూస్తే ఒత్తులూ చుక్కలూ ఉన్నచోటే ఉన్నాయి. సిరా వెలిసిందంతే.

స్కానరు కాగితాన్ని చుక్కలుగా చూస్తుంది. అంగుళానికి ఎన్ని చుక్కలన్నదే డీపీఐ. 300 డీపీఐ అంటే మిల్లీమీటరుకు దాదాపు 12. అర మిల్లీమీటరు ఒత్తుకు ఆరు చుక్కలు దక్కుతాయి. 100 డీపీఐలో రెండే, ఆ రెంటితో ఏ ఒత్తు నిలబడుతుంది!

షాపతను 300 పెట్టాడు, అక్కడ తప్పు లేదు. బ్లాక్ అండ్ వైట్ పెట్టాడు, చిక్కంతా అందులోనే. గ్రేస్కేల్‌లో ఒక్కో చుక్క నలుపు నుంచి తెలుపు దాకా 256 ఛాయల్లో ఏదైనా కావచ్చు. బ్లాక్ అండ్ వైట్‌లో ఆ వెసులుబాటు లేదు. ఒక గీత గీసి ఇటుపడింది నలుపు, అటుపడింది తెలుపు అంటుంది. ఆ గీతే థ్రెషోల్డ్. వెలిసిన ఒత్తు తెలుపు వైపు పడిందా, పోయినట్టే. గీత జరిపితే ఒత్తు తిరిగొస్తుంది కానీ తడి మరకలూ, వెనక పేజీ అక్షరాలూ కూడా నల్లగా తేలతాయి.

అయినా అతన్ని అనేదేముంది? ఏ4 పేజీ 300 డీపీఐలో దాదాపు 87 లక్షల చుక్కలు. కుదించకుండా దాస్తే రంగుల్లో 26 ఎంబీ, గ్రేలో 8.7, బ్లాక్ అండ్ వైట్‌లో ఒకటికి కాస్త పైన. వాట్సాప్‌లో పంపుకునేవాళ్లకు ఏది ముద్దో చెప్పక్కర్లేదు.

కుదింపులోనూ గోతులున్నాయి. జేపెగ్ అక్షరం అంచుల్లో దుమ్ములాంటి మచ్చలు వదులుతుంది. టిఫ్‌లో, నష్టం లేని పద్ధతిలో దాస్తే ఆ బెడద లేదు. ఇంకో పద్ధతి మరీ ప్రమాదం: ఒకేలా కనిపించే అక్షరాలను ఒక్కటిగా లెక్కేసి, ఒకదాని బొమ్మనే అన్నిచోట్లా అతికిస్తుంది. 2013లో జర్మనీలో డేవిడ్ క్రీజెల్ అనే ఆయన ఒక ఇంటి ప్లాను స్కాన్ చేస్తే, ఈ పద్ధతి వల్లే గదుల కొలతల అంకెలు మారిపోయి వచ్చాయి. మసకబారి ఉంటే పర్వాలేదు, అనుమానిస్తాం. అవి చక్కగా, స్పష్టంగా ఉన్న తప్పుడు అంకెలు. బ, భ పక్కపక్కన నడిచే మన లిపిలో ఇది ఎన్ని చిత్రాలు చేయగలదో ఊహించుకోండి.

రెండోసారి పుస్తకం స్కాన్ చేయడానికి నేనే కూర్చున్నాను. గ్రేస్కేల్, 400 డీపీఐ, టిఫ్. ప్రతి పేజీ వెనకా ఒక నల్లకాగితం దూర్చాను. వెనక తెల్లకాగితముంటే వెలుతురు తిరిగొచ్చి అవతలి వైపు అచ్చును చూపిస్తుంది, నల్లకాగితం దాన్ని మింగేస్తుంది. పేజీలు పసుపు బారి, మరకలతో, అందవిహీనంగా వచ్చాయి. మొదటి పేజీని తెర మీద పెంచి చూశాను. థ పొట్టలో బూడిదరంగు చుక్క, నలకంత, ఉంది.