సందు చుక్క

మా నందికొట్కూరులో ధనుర్మాసం వచ్చిందంటే వీధివీధంతా చుక్కల ముగ్గులే. “ఏడు చుక్కలు, సందు చుక్క, ఒకటి వచ్చేదాకా” అని ఒకామె చెబితే చాలు, ఇంకొకామె ముగ్గు డబ్బా పట్టుకుని వాకిట్లో కూర్చుంటుంది. ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకంలోని చతుర్భుజాల పాఠం చాలావరకు ఆ ఒక్క మాటలోనే ఉందని నా నమ్మకం.

నడిమి వరసలో ఏడు. దానిపైన, రెండు చుక్కల సందులో ఒకటి చొప్పున ఆరు. ఆపైన అయిదు, నాలుగు, అట్లా ఒకటి దాకా. కిందికీ అంతే. మొత్తం 49 చుక్కలు. ఏడు వరసల్లో ఏడేసి పెట్టినా అవే 49. కొసల చుక్కలన్నీ కలుపుతూ గీత లాగితే నాలుగు భుజాలూ సమానం. సమచతుర్భుజం అంటే అదే, పిల్లలు రాంబస్ అనేది. వరసల ఎడం కాస్త పెరిగినా తగ్గినా ఫరవాలేదు, అన్నిటికీ ఒకే తీరుగా ఉంటే చాలు. బొమ్మ సన్నగా సాగుతుంది, లేదా వెడల్పుగా పరుచుకుంటుంది. భుజాల సమానత్వం మాత్రం చెడదు.

అసలు పట్టు, చుక్క సందుకు సరిగ్గా నడిమధ్యన పడటంలో ఉంది. పైకి వెళ్లేకొద్దీ ప్రతి వరసా ఒకే కొలతలో కుడికి, కిందికి దిగేకొద్దీ అంతే కొలతలో ఎడమకు జరుగుతూ పోయిందనుకోండి, ఎదురెదురు భుజాలే సమానంగా మిగులుతాయి. అది సమాంతర చతుర్భుజం. పైనా కిందా ఒకే పక్కకు జరిగితే గాలిపటం వస్తుంది. రెండు లక్షణాలూ కలిసినచోటే సమచతుర్భుజం.

ఇక ఎదురు చుక్క, అంటే సందులో కాక కింది చుక్కకు నేరుగా ఎదురుగా పెట్టేది: 7, 5, 3, 1. చుక్కల ఎడం, వరసల ఎడం ఒకటే అయితే రెండు కర్ణాలూ సమానమై, మూల మీద నిలబడిన చతురస్రం వస్తుంది. పిల్లలు దాన్ని డైమండ్ అంటారు, చతురస్రమని ఒప్పుకోరు. అది సమచతుర్భుజం కూడా అంటే అసలే ఒప్పుకోరు. యూక్లిడ్ కూడా తన నిర్వచనాల్లో రెంటినీ వేరుగానే పెట్టాడు. ఇప్పటి పుస్తకాలు చతురస్రాన్ని సమచతుర్భుజాల్లోనే కలుపుతాయి. నాకు ఇదే న్యాయంగా తోస్తుంది. కర్ణాలు ఒకదాన్నొకటి లంబంగా, సరిసగంగా ఖండించుకుంటాయని ఒకసారి నిరూపిస్తే చతురస్రానికి మళ్లీ నిరూపించే పని ఉండదు.

నాలుగు భుజాలు మాత్రమే చెప్పి వైశాల్యం అడిగేవాణ్ణి భాస్కరాచార్యుడు 12వ శతాబ్దంలోనే తన లెక్కల గ్రంథం లీలావతిలో పిశాచమన్నాడు. ఆ కోపం అర్థమవుతుంది. భుజం 25 అంగుళాలనుకోండి. చతురస్రమైతే వైశాల్యం 625 చదరపు అంగుళాలు. కర్ణాలు 30, 40 అయితే వాటి లబ్ధంలో సగం, 600. కర్ణాలు 14, 48 అయితే 336 మాత్రమే. మూడింటిలోనూ చుట్టుగీత పొడవు 100 అంగుళాలే. పండగ పూట రంగులు నింపేవాళ్లకు ఈ తేడా చేతికే తెలుస్తుంది: గీతకు పట్టే ముగ్గుపిండి అంతే, రంగు మాత్రం దాదాపు సగానికి పడిపోతుంది.