చేతికందని బల్బు : ఒక యంత్ర విమర్శ

కావ్యమునకు విమర్శ కలదు. చిత్రమునకు, శిల్పమునకు, నాటకమునకు కలదు. యంత్రమునకు మాత్రము ప్రకటనలే కాని విమర్శ అరుదు. క్రొత్త కారు బజారులోనికి వచ్చినపుడు దాని వేగమును, ఆకారమును, ధరను గూర్చి వ్రాయుదురు. పదేండ్లు గడచిన పిదప, ఒక వానరాత్రి దాని ముందు దీపములలో ఒకటి ఆరిపోయినచో బల్బు మార్చుట ఎవరికి సాధ్యమను ప్రశ్న ఎవరును వేయరు. యంత్ర నిర్మాత వివేకమును కొలుచుటకు ఇంతకంటె మంచి ప్రశ్న లేదు.

ఇది అల్ప విషయమని తోచవచ్చును. కాని రాత్రివేళ ఒంటి దీపముతో ఎదురు వచ్చు కారును చూచినవాడు దానిని మోటారు సైకిలని భ్రమపడును; దాని వెడల్పును తక్కువగా ఎంచి, తన బండిని చాలినంత ప్రక్కకు తీయడు. మన దేశమున బండ్లు ఎడమవైపున నడచును గనుక, ఆరినది కుడి దీపమైనచో రోడ్డు నడిమి వైపుననున్న కారు భాగమే చీకటిలో నుండును. కాబట్టి బల్బు మార్చుట వాయిదా పడినకొలది ప్రాణాపాయము పొంచియుండును. మార్చుట కష్టమైనచో వాయిదా పడుట సహజము.

ముందుగా ఈ బల్బు స్వభావమును తెలిసికొందము. మామూలు బల్బులో కాగిన టంగ్‌స్టన్ తీగనుండి లోహము కొద్దికొద్దిగా ఆవిరియై, గాజు లోపలివైపున నల్లని పొరగా పేరుకొనును. హాలోజన్ బల్బులో అయొడిన్ గాని బ్రోమిన్ గాని స్వల్పముగా చేర్చుదురు. ఆవిరియైన టంగ్‌స్టన్ దానితో కలిసి, మరల వేడి తీగను సమీపించినపుడు విడిపోయి, తీగపైననే చేరును. ఈ చక్రము సాగుటకు బల్బు గోడ సుమారు 250 సెంటీగ్రేడు డిగ్రీలకు మించిన వేడిలో నుండవలెను. అందుచే బల్బును చిన్నదిగా, వేడికి తాళు క్వార్ట్‌జ్ వంటి గాజుతో చేయుదురు. దానిపై చేతి జిడ్డు అంటినచో ఆ చోటు అతిగా వేడెక్కి, బల్బు త్వరగా చెడును.

ఐరోపాలో 1962లో హెచ్-1 అను మొదటి హాలోజన్ కారు బల్బు, 1971లో రెండు తీగలు గల హెచ్-4 బల్బు వాడుకలోనికి వచ్చినవి. హెచ్-4లో దూరపు వెలుగుకు 60 వాట్ల తీగ, దగ్గరి వెలుగుకు 55 వాట్ల తీగ ఉండును. పారాబొలా ఆకారపు అద్దమునకు నాభియందున్న దీపము సమాంతర కిరణముల నిచ్చునని విద్యార్థు లెరుగుదురు. తీగ తన స్థానమునుండి ఒకటి రెండు మిల్లీమీటర్లు తొలగినను వెలుగు దారి తప్పి, ఎదుటివాని కన్నులలో పడును. అందుకే ఈ బల్బు అంచుకు మూడు చెవులను పెట్టిరి. అది ఒకే విధముగా కూర్చొనును. తేలినదేమనగా, గాజును తాకరాదు; బల్బును సరిగా కూర్చుండబెట్టవలెను. ఈ రెండు పనులకును చేతితోపాటు కన్ను కావలెను.

ఇపుడు కొన్ని కార్లను పరీక్షింతము. 2002లో వచ్చిన రెండవ తరము రెనో మెగాన్ కారులో ముందు దీపపు బల్బును చేరుటకు బానెట్టు తెరచిన చాలదు. చక్రమును ఒక ప్రక్కకు త్రిప్పి, దాని పైనుండు ప్లాస్టిక్ తొడుగులోని చిన్న మూతను తీసి, అందులో చేయి దూర్చి, తడిమి చూచుకొనుచు పని చేయవలెను. అమెరికాలో 2008-2012 నడుమ తయారైన షెవ్రొలే మాలిబూలో ముందు బంపరు తొడుగునే ఊడదీయవలసి వచ్చెను. కన్ను తప్పనిసరియైన పనిని కంటికి మరుగైన చోట పెట్టుటయే ఈ నిర్మాణముల దోషము.

మన దేశములో 1958నుండి 2014వరకు తయారైన అంబాసిడర్ కారును వీనితో పోల్చుడు. దాని గుండ్రని దీపమునకు ముందువైపున చట్రము కలదు. దానిని విప్పినచో దీపము ఎదుటికి వచ్చును. స్క్రూ డ్రైవరు పట్టగలవాడు పని చేసికొనవచ్చును. అయినను దానిని గుడ్డిగా పొగడరాదు. అట్టి దీపములలో, విప్పవలసిన స్క్రూకు బదులు వెలుగు దిశను సరిచేయు స్క్రూను త్రిప్పినచో దీపము ఏ చెట్టుకొమ్మనో చూపును. పాతకాలపు బల్బుల వెలుగును నేటివాని వెలుగుతో పోల్చరాదు.

నిర్మాతల పక్షమును వినుట న్యాయము. గాలి నిరోధము తగ్గుటకు కారు ముక్కు పల్లముగా, నున్నగా నుండవలెను. ఇంజను, బ్యాటరీ, రేడియేటరు ఇరుకు స్థలములో సర్దవలెను. ఇవి నిజములే. కాని బల్బు ఏనాటికైన మాడునన్న సంగతి నమూనా గీచిననాడే తెలిసియున్నది. తెలిసిన అవసరమునకు చోటు విడువకపోవుట స్థలాభావము కాదు, అలక్ష్యము. చోటు మిగిల్చిన లాభము నిర్మాతది. విప్పుటకు పట్టు కాలము, కూలి మూడవ చేతికి మారిన పాత కారు కొన్నవానివి.

ఐక్యరాజ్య సమితి ఐరోపా ఆర్థిక సంఘపు 48వ నిబంధన, మార్చదగిన బల్బులను కారుతో ఇచ్చిన పనిముట్లు తప్ప వేరు ప్రత్యేక పనిముట్లు లేకుండ మార్చగలిగి యుండవలెననుచున్నది. ఇది మంచిదే. కాని ఆ షరతు పనిముట్లను లెక్కించుచున్నదే కాని, పట్టు నిమిషములను లెక్కించుట లేదు. మన ప్రభుత్వము 2022 డిసెంబరు 24న ప్రారంభించిన మరమ్మతు హక్కు పోర్టలులో మోటారు వాహనములకును స్థానము కలదు. మరమ్మతు సమాచారము దొరకుట మేలే. కాని సమాచారముతో ఇరుకు సందు వెడల్పు కాదు.

ఎల్.ఇ.డి. దీపములు వచ్చినవి గదా, ఇక ఈ బాధ యేల యందురా? అవి దీర్ఘకాలము వెలుగును. కాని పెక్కింటిలో ఏ భాగము చెడినను దీపము మొత్తము మార్చవలెను. అమెరికాలో 1940నుండి వాడిన సీల్డ్ బీమ్ దీపములు కూడ మొత్తముగా మార్చవలసినవే. అయితే అవి కొద్ది కొలతలలోనే ఉండుటచే ఏ దుకాణములోనైన చౌకగా దొరకెడివి. నేటి దీపము ఏ కారుది ఆ కారుకే. పాత పద్ధతిలోని నష్టము తిరిగి వచ్చినది, లాభము రాలేదు.

ఉపాధ్యాయులు ఈ విమర్శను తరగతిలోనే సాగింపవచ్చును. సైకిలు, కుట్టుమిషను, పంకా, ఏదైనను సరే. ముందుగా చెడు భాగమేది? దానిని చేరుటకు ఎన్నింటిని విప్పవలెను? విప్పువానికి అది కనబడునా? ఈ మూడు ప్రశ్నలు వేసి, విద్యార్థులచే జవాబులు వ్రాయింపుడు. రేపు వారిలో కొందరు ఇంజనీర్లగుదురు. గీతబల్లపై గీత గీయునపుడు, చీకటిలో రోడ్డు ప్రక్కన నిలిచి బల్బు మార్చుకొను మనిషి చేయి ఎంత లావుండునో వారు తలచినచో, ఈ పాఠము ఫలించినట్లే.