మిల్ట్ జాక్సన్: వాద్యమూ, కూలీ

జాజ్ అనగానే మన విమర్శకుల్లో కొందరికి క్లబ్బులూ, మద్యం గ్లాసులే కనిపిస్తాయి. బానిసలుగా అమ్ముడుపోయిన ఆఫ్రికన్ల సంతతి సృష్టించిన సంగీతమది. పాతబస్తీలోని మా ఇంట్లో వైబ్రఫోన్ వాదకుడు, స్వరకర్త మిల్ట్ జాక్సన్ (1923-1999) రికార్డు విన్నప్పుడల్లా నాకు ఈ మరుపు అన్యాయమనిపిస్తుంది.

డెట్రాయిట్‌లో పుట్టిన జాక్సన్ చిన్ననాడు చర్చి పాటలు పాడాడు. వైబ్రఫోన్ లోహపు పలకల వాద్యం. పలకల కింది గొట్టాల దగ్గర మోటారుతో తిరిగే బిళ్లలు నాదాన్ని కంపింపజేస్తాయి. జాక్సన్ ఆ వేగాన్ని బాగా తగ్గించాడు. అతని ‘బ్యాగ్స్ గ్రూవ్’ వింటే మనిషి పాడుతున్నట్టే ఉంటుంది.

1952లో ఏర్పడ్డ మోడర్న్ జాజ్ క్వార్టెట్‌లో పియానో వాదకుడు జాన్ లూయిస్ జాజ్‌కు కచేరీ మందిరపు గౌరవం కోరాడు. అందరూ సూట్లు తొడిగారు. దీన్ని తెల్లవాళ్ల అనుకరణ అని కొట్టిపారేయడం తొందరపాటు. నల్లవాళ్లు ఆ వేదిక ఎక్కడమే ఒక వాదన. కాని గౌరవంతో కడుపు నిండదు. 22 ఏళ్ల తర్వాత, 1974లో, రాక్ వాద్యకారుల సంపాదనతో తన రాబడిని పోల్చుకుని జాక్సన్ బయటికొచ్చాడు. బృందం ఆగిపోయింది, 1981లో మళ్లీ కలిసింది. అది ధనాశ అంటే నేనొప్పుకోను. కూలి అడిగినవాడికి కళ మీద ప్రేమ లేదనడం జమీందారీ తర్కం.

మా వీధి పెళ్లి బారాత్‌ల ముందు మర్ఫా మోగుతుంది. నిజాం ఆఫ్రికన్ అశ్వికదళంలో పనిచేసిన సిద్దీల వారసులూ, బార్కస్ అరబ్బులూ నిలబెట్టిన వాద్యమది. దాన్ని మనం సందడి అంటాం, సంగీతమనం. వాయించేవాళ్లతో బేరమాడతాం, పేరడగం. జాక్సన్‌ను తెగ మెచ్చుకునే నా మిత్రుడొకడు మొన్న మర్ఫా వినపడగానే లేచి కిటికీ మూశాడు.