సలహాలొద్దు, మీ సంగతి చెప్పండి

సైకోడ్రామా అనగానే అందరూ నటన గురించే అడుగుతారు. నాకేమో ఆట ముగిశాక అందరం గుండ్రంగా కూర్చునే ఆ కాసేపే ప్రాణం.

జీవితంలో జరిగింది నటించి చూపించే ఈ మానసిక చికిత్సా పద్ధతికి ఆద్యుడు జేకబ్ మొరీనో. 1889లో బుకారెస్ట్‌లో పుట్టి, వియన్నాలో వైద్యం చదివి, 1925లో అమెరికా వెళ్లాడు. న్యూయార్క్ రాష్ట్రంలోని బీకన్‌లో 1936లో మానసిక చికిత్సాలయం తెరిచి, అందులోనే ఒక రంగస్థలం కట్టించాడు. ఫ్రాయిడ్ రోగిని పడుకోబెట్టి మాట్లాడించాడు. మొరీనో లేపి నిలబెట్టి, జరిగింది చేసి చూపించమన్నాడు.

మా బృందంలో ఒక పెద్దమనిషి చనిపోయిన తండ్రితో మాట్లాడాలన్నాడు. ఎదురుగా ఖాళీ కుర్చీ వేశారు. "ఒక్కసారైనా మెచ్చుకున్నారా నాన్నా నన్ను?" అని నిలదీశాడు. నడిపించే ఆమె ఆయన్ని లేపి అదే కుర్చీలో తండ్రిగా కూర్చోబెట్టింది. కూర్చోగానే నడుము నిటారైంది, చెయ్యి కళ్లజోడు కోసం జేబు తడుముకుంది. "మీ అబ్బాయి ఏదో అడుగుతున్నాడండీ" అందామె. చాలాసేపటికి, "మా నాన్న నన్ను మెచ్చుకున్నాడా ఏమన్నా, మెచ్చుకోవడం నాకెలా వస్తుంది? వాడి టెన్త్ మార్కుల కాగితం మాత్రం నా ట్రంకుపెట్టెలోనే ఉంది" అన్నాడు. ఆ కాగితం సంగతి ఆయనకు ఎన్నాళ్లనుంచో తెలుసు. తండ్రి కుర్చీలో కూర్చుని చెబితేగాని కళ్లల్లో నీళ్లు తిరగలేదు.

ఆ తర్వాత అందరం గుండ్రంగా కూర్చునే భాగాన్ని షేరింగ్ అంటారు. అక్కడ విశ్లేషణలు, సలహాలు నిషిద్ధం. ఒకాయన "మీరు ఇకనైనా..." అని మొదలుపెడితే ఆమె ఆపేసింది. "సలహాలొద్దండీ, మీ సంగతి చెప్పండి." ఆయన కాసేపు తల వంచుకుని, కూతురితో మాటల్లేక రెండేళ్లయిందన్నాడు.

మన దగ్గర కష్టం చెప్పుకుంటే కాఫీ కంటే ముందు సలహా వస్తుంది. ఇచ్చేవాడు ఒక మెట్టు పైన కూర్చుంటాడు, చెప్పుకున్నవాడు ఒంటరైపోతాడు. అందరిముందూ మనసు విప్పినవాడు అలా మిగిలిపోకూడదనే ఈ నియమం. మొరీనో చేసిన అన్నిటిలోకీ నేను దీన్నే గొప్పదంటాను.

భోజనాల వేళయిందని ఈ భాగాన్ని అయిదు నిమిషాల్లో ముగించే వర్క్‌షాపులూ ఉన్నాయి. అక్కణ్నుంచి మనిషి పచ్చిపుండుతో ఇంటికెళ్తాడు. వర్క్‌షాపుకు వెళ్లాలనుకునేవాళ్లు, దాన్ని నడిపేవారు ఎక్కడ, ఎన్నేళ్లు శిక్షణ పొందారో అడగండి. ఆట తర్వాత ఎంతసేపు కూర్చుంటారో కూడా అడగండి.