వరుసను చక్కదిద్దే నేర్పు

ఇంట్లో ఒకరు పెద్ద వీడియో అప్‌లోడ్ పెడితే పక్కగదిలో వీడియో కాల్ తెగిపోతూ ఉంటుంది. నెట్ వేగం చాలలేదనుకుంటాం. చాలాసార్లు చిక్కు రూటర్‌లోని బఫర్‌ది, అంటే డేటా ముక్కలు (ప్యాకెట్లు) వంతు కోసం ఆగే చోటుది. ఒక్క ప్యాకెట్ కూడా పోకూడదని దాన్ని భారీగా పెట్టారు. అది నిండితే కాల్ తాలూకు చిన్న ప్యాకెట్ కూడా క్యూ చివర నిలబడాల్సిందే.

2012లో క్యాథ్లీన్ నికోల్స్, వ్యాన్ జాకబ్సన్ దీనికి కోడెల్ అనే మందు చెప్పారు. క్యూ ఎంత పొడవుందన్నది దానికి పట్టదు. ప్యాకెట్ ఎంతసేపు ఆగిందో చూస్తుంది. ఆ ఆలస్యం 100 మిల్లీసెకన్ల పాటు 5 మిల్లీసెకన్ల కిందికి దిగకపోతే ఒక ప్యాకెట్‌ను పారేస్తుంది. పంపే కంప్యూటర్‌కు ఆ సూచన చాలు, జోరు తగ్గిస్తుంది.

డేవ్ టాట్, టోకె హోయిలాండ్-యోర్గెన్‌సెన్ వంటివాళ్లు ఈ పద్ధతిని లినక్స్ వైఫైకి అమర్చారు. మూలగదిలోని నెమ్మది ఫోన్ ఒక్కటే వైఫై ప్రసార సమయమంతా మింగేయకుండా అందరికీ సమంగా వాటాలు వేశారు.

కొత్త కేబుల్ వెయ్యలేదు, ప్లాన్ పెంచలేదు. ఎప్పుడు పారేయాలో తెలియడమే ఇక్కడి పనితనం. ఫలితాన్నీ దాచుకోలేదు: ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే లినక్స్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే రూటర్ ఉన్నవాళ్లెవరైనా దాన్ని ఉచితంగా వాడుకోవచ్చు.