పాఠాన్ని దిద్దే చెయ్యి

ములుగులో డిగ్రీ చదివే పిల్ల వర్డ్‌ప్రెస్ ప్లగిన్ రాయడం నేర్చుకుందామని పాఠం తెరిస్తే 'ఫైల్‌ను తగిన చోట పెట్టండి' అని ఉంటుంది. ఏది తగిన చోటు? అడుగుదామంటే పక్కన సీనియర్ ఉండడు. దాన్ని 'డబ్ల్యూపీ-కంటెంట్‌లోని ప్లగిన్స్ ఫోల్డర్‌లో' అని మార్చినవాళ్లకు దండం పెట్టాలి.

పాఠాల్లో వదిలేసే చిన్న విషయాలు ఇంకా ఉన్నాయి. ప్లగిన్ ఫైల్ మొదట్లో, కామెంట్‌లో 'ప్లగిన్ నేమ్' లైన్ లేకపోతే ప్లగిన్ జాబితాలోనే కనబడదు. పోస్టు పాఠ్యాన్ని మార్చే ఫిల్టర్ ఫంక్షన్‌లో 'రిటర్న్' మరిచిపోతే పోస్టులో రాసిందంతా మాయం! పేజీలో ఎర్రర్ కూడా కనిపించదు. పాఠాన్ని బాగా దిద్దేవాళ్లు ఈ హెచ్చరికను చివర్లో ఎక్కడో కాదు, కోడ్‌కు ముందే పెడతారు. కోడ్ రాసినవాళ్లకు పేరొస్తుంది, పాఠం దిద్దినవాళ్లను ఎవరూ పట్టించుకోరు (అదేం న్యాయమో!).

పాఠంలో మీరు ఏ వాక్యం దగ్గర ఆగిపోయారో, దాన్ని దిద్ది, ఆ పాఠం రాసినవాళ్లకు పంపండి.